నవల చివర పైడి ఒళ్ళు తగ్గి తీరాలా?

ప్రశ్న: చంపావతి, విజయనగరం

ఇంటర్మీడియట్ చదివే వయసు పిల్లల కోసం రెండేళ్ళుగా ఒక నవల రాస్తున్నాను. కథానాయిక పేరు పైడితల్లి, ఇంట్లోనూ వీధిలోనూ పైడి. నెల్లిమర్ల దాటాక ఉన్న ఒక పల్లె నుంచి రోజూ బస్సులో విజయనగరం వచ్చి చదువుకొంటుంది. మనిషి నలుపు, ఒళ్ళు భారీ. బంగారం అనే అర్థం ఉన్న పేరు పెట్టుకొని ఈ రంగేమిటని పెళ్ళిళ్ళలోనూ పేరంటాల్లోనూ బంధువులు విసిరే వేళాకోళం ఆమెకు ఎక్కాల మాదిరిగా కంఠతా వచ్చు. పదకొండు ప్రకరణాలు పూర్తయ్యాయి. పన్నెండో ప్రకరణాన్ని, అంటే ముగింపును, మూడు విధాలుగా రాసి మూడింటినీ పక్కన పెట్టాను.

మొదటి ముగింపులో పైడి వేసవి సెలవుల్లో 12 కిలోలు తగ్గి, కాలేజీ తెరిచిన రోజున ఎవరూ గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. రెండోదానిలో ఒళ్ళు తగ్గదు గానీ, తరగతిలో అందరూ మెచ్చే కుర్రవాడు సిరిమానోత్సవం నాటి జనంలో ఆమె పక్కకు వచ్చి నిలబడి, నువ్వు నాకు ఇలాగే నచ్చావని చెబుతాడు. మూడోదానిలో కుర్రవాడు లేడు. పరీక్షల్లో పెద్ద ర్యాంకు వస్తుంది, అంతవరకూ నవ్వినవాళ్ళే మిఠాయి పొట్లాలతో గుమ్మంలో నిలబడతారు. రాసేటప్పుడు ఈ మూడోదే నిజాయితీగా ఉందనుకొన్నాను. చేతిరాత ప్రతి చదివిన మా పిన్ని కూతురు, దానికి పదహారేళ్ళు, చివరి పేజీ మూసి, "మరి ర్యాంకు రాని గుంటలు ఏటి సెయ్యాల అప్పా?" అని అడిగింది. నాకు మాట రాలేదు.

నవలలో నాకు నమ్మకం ఉన్న భాగం నాలుగో ప్రకరణం ఒక్కటే. పండుగకు కుట్టించే ప్రతి జాకెట్టుకూ పైడి తల్లి టైలరుకు అసలు కొలత కంటే ఒక అంగుళం తక్కువ చెబుతుంది. అప్పటికి తగ్గుతుందిలే అనేది ఆమె ఆశ. పిల్ల తగ్గదు, జాకెట్టు పట్టదు, పండుగ పూట పాత గౌనే గతి అవుతుంది. ఇది కల్పన కాదు, మా ఇంట్లో జరిగినదే, అందువల్లనే కాబోలు ఆ ప్రకరణంలో ఒక్క వాక్యం కూడా తిరిగి రాయవలసిన అవసరం రాలేదు.

మరో రెండు సందేహాలు ఉన్నాయి. పైడిని ఏడిపించే మాటలను (రోలు, నీళ్ళ డ్రమ్ము, తారు డబ్బా, ఇంకా ఇక్కడ రాయలేనివి) ఉన్నవి ఉన్నట్టుగా పుస్తకంలో పెట్టవచ్చునా, అవి చదివే పిల్లను అచ్చులో మరోసారి ఏడిపించినట్లు కాదా అన్నది మొదటిది. ఈ బాధకు తెలుగులో పేరేమిటన్నది రెండోది. దేహభావన వంటి మాటలు పాఠ్యపుస్తకంలో నుంచి ఊడిపడినట్లున్నాయి. నెల్లిమర్ల బస్సులో ఎవరి నోటా నేను వాటిని వినలేదు.

సమాధానం: పాత పంతులమ్మ, శ్రీకాకుళం

చంపావతి గారూ, నేను ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూళ్ళలో తెలుగు చెప్పి, ఇప్పుడు ఇంటి పట్టున ఉన్నదానిని. మీ మూడు ముగింపులూ మూడు కావని నా అభిప్రాయం. మూడింటిలోనూ పైడి ఒళ్ళు ఒక బాకీ. ఒకచోట ఆమె దానిని కిలోల లెక్కన తీరుస్తుంది, ఒకచోట కుర్రవాడు పూచీ పడతాడు, మరొకచోట ర్యాంకు ఇచ్చి చెల్లు వేయించుకొంటుంది. బాకీ ఎవరు రాశారు, ఎందుకు రాశారు అన్న ప్రశ్న మాత్రం ఏ ముగింపులోనూ రాదు. మీ చెల్లెలు పట్టుకొన్నది సరిగ్గా దానినే. ఆ పిల్లకు నా ఆశీస్సులు చెప్పండి.

ఈ అలవాటు మీకు ఒక్కరికే కాదు, మన కథలకు చాలా పాతది. భారతంలో అష్టావక్రుడు తల్లి కడుపులోనే తండ్రి శాపం తగిలి ఎనిమిది వంకరలతో పుట్టాడు. ఆ ఒంటితోనే జనకుని సభకు వెళ్ళి, తన తండ్రితో సహా పండితులందరినీ ఓడించి నీట ముంచిన వంది అనే ఆస్థాన పండితుణ్ణి ఓడించి, తండ్రిని తిరిగి తెచ్చుకొన్నాడు. కథ అక్కడితో ఆగితే దానికి ఏ లోటూ లేదు. అయినా ఆగలేదు, తండ్రి మాట మీద అతడు సమంగా అనే పేరుగల నదిలో మునిగి, వంకరలన్నీ పోగొట్టుకొని లేచిన తరువాతనే కథకు తృప్తి కలిగింది. భాగవతంలో కుబ్జ సంగతీ అంతే. మధుర వీధిలో కృష్ణునికి మైపూత ఇచ్చిన భక్తి ఆమెది, కానీ గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి గూని సరిచేసిన తరువాతనే ఆమె కథలో అందగత్తెగా నిలిచింది. పురాణానికి దాని ధర్మం దానికి ఉంది, నేను తప్పు పట్టడం లేదు. పదహారేళ్ళ పిల్ల కోసం రాసే మనం కూడా ఆమెను సమంగా నది ఒడ్డుకు నడిపించుకొని వెళ్ళవలసిన పని ఏమిటన్నదే నా ప్రశ్న.

ఇప్పుడు ఒక చిన్న పని చెబుతాను. మీ చేతిరాత ప్రతిలో "అయినా" అనే మాట ఎక్కడెక్కడ ఉందో వెతకండి. నలుపైనా కళగల ముఖం, లావైనా చురుకైన పిల్ల, పొట్టిదైనా గట్టిది: మన కథకులు ఆడపిల్లను పరిచయం చేసే తీరు ఇది. మా ఊరి కథానిలయంలో, తెలుగు కథల కోసం 1997లో కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు) నెలకొల్పిన ఆ గ్రంథాలయం మేడలో, పాత పత్రికలు తిరగేస్తూ కూర్చున్న రోజుల్లో ఈ "అయినా" నన్ను ఎన్ని చోట్ల పలకరించిందో చెప్పలేను. రచయిత దయతోనే రాస్తాడు, పాత్రపై అతనికి ప్రేమ కూడా ఉంటుంది, కానీ ఆ ఒక్క ప్రత్యయం నలుపును నేరంగా ఒప్పుకొని తరువాత క్షమాభిక్ష పెడుతుంది. నలుపుకూ కళకూ మధ్య ఒక కామా చాలు.

పేరు గురించి మీరు అంత బెంగపడనవసరం లేదు. ఒంటి మీద బెంగ అనండి, అద్దమంటే బెరుకు అనండి, పాఠకురాలికి తెలిసిపోతుంది. నిజానికి మన భాషలో ఈ విషయానికి కావలసినన్ని మాటలు ఉన్నాయి, పైగా అవి తరానికొక తీరున ఉన్నాయి. మా అమ్మమ్మ నోట "ఒళ్ళు సేసినాది" అనేది సంతోషంగా చెప్పే మాట. కాపురానికి వెళ్ళిన పిల్ల కండ పట్టి వస్తే అత్తవారింట అన్నానికి లోటు లేదని అర్థం. చిక్కి వస్తే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టేది కాదు. గంజి కూడా కరువైన ఏళ్ళను చూసిన మనుషుల మాట అది. అదే మాటను ఇప్పటి తల్లి ఫిర్యాదుగా అంటుంది. పైడి అమ్మమ్మ, తల్లి, పైడి ముగ్గురూ ఒక్క అన్నం పళ్ళెం ముందు కూర్చుని ఈ ఒక్క మాటను మూడు అర్థాలతో వాడే సన్నివేశం రాయగలిగితే, ఉపన్యాసం అవసరం లేకుండానే మీరు చెప్పదలచినది సగం చెప్పినట్లవుతుంది.

సన్నగా ఉన్నవారికి సుఖం ఉందని కూడా అనుకోకండి. మా తరగతిలో పుల్ల వంటి పిల్ల ఒకతె ఉండేది. ఏ ఊరు అని ఎవరైనా అడిగితే ఆమె నోరు విప్పకముందే వెనుక బల్ల నుంచి "చీపురుపల్లి" అని వినిపించేది. ఆమెది ఆమదాలవలస. నేను నవ్వు ఆపుకోవలసి వచ్చిందని ఇప్పుడు ఒప్పుకొంటున్నాను.

తిట్ల విషయంలో నేను పాతకాలపుదాన్నే. ఒక్కసారి, ఒక్క మాట అచ్చులో పడితే చాలు. తరువాత పైడి చెవులు వేడెక్కడమో, బస్సు కిటికీ వైపు తిరిగిపోవడమో చూపిస్తే పాఠకురాలు ఆ మాటను తానే వింటుంది.

సమాధానం: మాజీ లిఫ్టరు, నెల్లిమర్ల మండలం

నేను రచయిత్రిని కాను. మీ పైడి మా మండలం పిల్ల కావడం చూసి రాయాలనిపించింది. మా పక్కన కొండవెలగాడ అనే ఊరు ఉంది, ఆడపిల్లలు బరువులెత్తే ఊరుగా దానికి పేరు. నేనూ అక్కడి పిల్లలతో కలిసి ఎనిమిదేళ్ళు సాధన చేశాను, ఇప్పుడు చిన్న పిల్లలకు నేర్పుతున్నాను.

ఒలింపిక్స్‌లో ఆడవారికి వెయిట్‌లిఫ్టింగ్ పెట్టినదే 2000లో, సిడ్నీలో. ఆ మొదటిసారే శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో (అది ఒంటి బరువుకు పెట్టిన హద్దు), ఒక్క ఊపున తలపైకి లేపే స్నాచ్‌లో 110, భుజాల దాకా ఒకసారి, అక్కడి నుంచి తలపైకి మరోసారి లేపే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఈ అంకెలు మీకు ఎందుకు చెబుతున్నానంటే, ఒక ఆడమనిషి ఒంటి బరువు ఎంతో దేశమంతా గట్టిగా, సిగ్గు లేకుండా పలికిన సందర్భం నాకు తెలిసి అదే మొదటిది. మా సాధన గదిలో కూడా అంతే ఉండేది. నేను 63, అది 48, ఇది 75 అని పేర్లకు బదులు బరువులతో పిలుచుకొనేవాళ్ళం. తొడలు లావుగా ఉండడం అక్కడ తప్పు కాదు, బస్కీలు బాగా తీసిందని అర్థం.

గది బయటికి వచ్చాక మాత్రం అదే ఒళ్ళు వేరే ఒళ్ళు అయిపోయేది. జాకెట్టు కుట్టే దుకాణంలో నా భుజం కొలత రాసుకొన్న మనిషి, టేపు సరిగా పట్టలేదేమోనని రెండోసారి కొలిచి, ఇది మగవాళ్ళ కొలత కదమ్మా అన్నాడు. నన్ను చూడడానికి వచ్చిన పెళ్ళివారిలో ఒకావిడ, పిల్ల కాఫీ పళ్ళెం పట్టుకొన్న తీరు చూసి కాదు, చేతుల మందం చూసి మాట మార్చింది. రాష్ట్రస్థాయి పతకం గోడకు వేలాడుతున్న గదిలోనే ఇదంతా జరిగింది. కాబట్టి పంతులమ్మ గారు బాకీ అన్న మాట నాకు బాగా తగిలింది. పతకం కూడా ఆ బాకీని తీర్చలేదు.

అందువల్ల ఒక మనవి. ఇది చదివి మీరు పైడిని వెయిట్‌లిఫ్టరును చేసి నాలుగో ముగింపు రాస్తారేమో, అలా చేయకండి. ర్యాంకు స్థానంలో పతకం వస్తుంది, అంతే తేడా. పైగా మా ఆట కూడా ఒంటితో స్నేహంగా ఉంటుందని చెప్పలేను. పోటీకి రెండు గంటల ముందు బరువు చూస్తారు. అరకిలో ఎక్కువ ఉంటే ఏం చేసేవాళ్ళమో తలచుకొంటే ఇప్పుడు భయం వేస్తుంది: ఎండలో రెండు స్వెట్టర్లు వేసుకొని పరుగులు, ముందు రోజు మధ్యాహ్నం నుంచి నీళ్ళు మానేయడం, గ్లాసు పట్టుకొని ఉమ్మి ఊస్తూ కూర్చోవడం. ఒకసారి బరువు సరిపోయింది గానీ వేదిక మీద కళ్ళు తిరిగి మొదటి లిఫ్టే పడేశాను.

ఇది చెప్పడానికి మరో కారణం ఉంది. మీ మొదటి ముగింపులో పైడి 12 కిలోలు ఎలా తగ్గిందో కూడా రాశారా? ఏం తిన్నది, ఏం మానేసింది, ఎన్ని రోజులు అన్న లెక్కలు ఉంటే, ఆ ముగింపును మీరు ఎలాగూ వాడకపోయినా, మిగిలిన ప్రకరణాల్లోంచి కూడా తీసేయండి. మా దగ్గరికి వచ్చే పిల్లలు ఫోనులో అలాంటి అంకె ఒకటి కనిపిస్తే కథ మరిచిపోయి అంకెను మాత్రం పట్టుకొంటారు. రాత్రి భోజనం మానేయడం తప్పని మీరు ఎంత గట్టిగా రాసినా, మానేస్తే ఇన్ని రోజుల్లో ఇంత తగ్గుతారన్న ఒక్క వాక్యం ఆ తప్పును నేర్పేస్తుంది. అన్నం మానేసే జబ్బు మొదలయ్యేది కూడా ఎక్కువగా మీ పాఠకుల వయసులోనే.

సమాధానం: వంశధార గట్టు, నరసన్నపేట

అందరికీ నమస్కారం. నాకు ఇరవై రెండేళ్ళు, డిగ్రీ ముగించాను. తిట్ల విషయంలో పంతులమ్మ గారితో గౌరవంగానే విభేదిస్తున్నాను. పెద్దలు చదివే నవలలో అయితే సూచన సరిపోతుంది. తిట్లు తిన్న పిల్ల పుస్తకం తెరిచి, అక్కడ తనకు తెలిసిన మాటకు బదులు మర్యాదైన ఖాళీ కనిపిస్తే, ఈ రచయిత్రికి మా బస్సు తెలియదని మూసేస్తుంది. ఏడిపించే మాటను దాచడం కంటే అది ఎవరి నోటి నుంచి, ఏ సరదాలో వస్తుందో చూపించడం ముఖ్యమని నా ఉద్దేశం.

దీనికి ఒక పుస్తకం ఉదాహరణగా పనికివస్తుంది. అమెరికా రచయిత్రి జూడీ బ్లూమ్ 1974లో "బ్లబ్బర్" అని ఒకటి రాశారు. మీ పాఠకుల కంటే చిన్నవాళ్ళు, అయిదో తరగతి పిల్లల కథ అది. తిమింగలాల గురించి పాఠం అప్పజెప్పిన ఒక బొద్దు పిల్లకు తరగతి వాళ్ళు తిమింగలపు కొవ్వు అని పేరు పెట్టి వెంటపడతారు. కథ చెప్పేది ఆ పిల్ల కాదు. వెంటపడిన వాళ్ళలో ఒకతె. ఆమెకు తాను చేసేది ఘోరమని తోచదు, సరదాగానే చెప్పుకొంటూ పోతుంది. కొంత దూరం వెళ్ళాక తరగతి గాలి తిరిగి అదే గతి తనకు పడుతుంది. చదువుతున్నంతసేపూ నాకు తొమ్మిదో తరగతిలో నేను నవ్విన నవ్వులే వినిపించాయి. మంచిపిల్ల బాధ చదివి జాలిపడడం సులువు, ఆ పుస్తకం జాలిపడే కుర్చీని నా కింద నుంచి లాగేసింది.

అలాగే ఒళ్ళు తగ్గకుండానే కథ నడిపిన నవలలు కూడా అక్కడ వచ్చాయి. జూలీ మర్ఫీ 2015లో రాసిన "డంప్లిన్" కథానాయిక టెక్సస్‌లోని చిన్న ఊళ్ళో ఉండే లావు పిల్ల. తల్లి ఒకప్పటి అందాల పోటీ విజేత, ఇప్పుడు ఆ పోటీని నడిపే మనిషి. పిల్ల అదే పోటీకి పేరు ఇస్తుంది. నాకు నచ్చింది గానీ దానిని మన నేల మీద నాటకండి. మన దగ్గర అందాల పోటీకి వేదిక, ప్రవేశ రుసుము, తేదీ ఉండవు. పిలవకుండానే ప్రతి పెళ్ళి భోజనాల బంతిలో జరుగుతుంది, పేరు ఇవ్వకపోయినా మార్కులు వేస్తారు. పైడి ఎక్కి గెలవడానికి గానీ, ఎక్కనని చెప్పడానికి గానీ వేదికే లేకపోవడం మన కథలో ఉన్న అసలు చిక్కు.

మరొక మాట. మీ నవలలో కుర్రవాడు ఒళ్ళు లేనివాడిలా ఉన్నాడు. అతడు మెచ్చుకోవడానికే ఉన్నాడు తప్ప అతనికి అద్దం లేదు. నా సంగతి చెబుతాను. నేను పొట్టి, పీల. గుండెల మీదికి ఏనుగును ఎక్కించుకొన్నాడని చెప్పుకొనే కోడి రామమూర్తి పుట్టిన వీరఘట్టం 2022 దాకా మా జిల్లాదే, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా మారినా మా నాన్నకు ఆ పేరు నోట్లోంచి పోలేదు. నేను అన్నం వదిలేసినప్పుడల్లా ఆ మహానుభావుణ్ణి తెచ్చి నా పక్కన నిలబెట్టేవాడు. ఇంటర్మీడియట్ రెండేళ్ళూ నేను చేతులు కనబడకుండా వేసవిలో కూడా పొడుగు చేతుల చొక్కానే వేశాను. అక్క తెల్లబడే క్రీమును దొంగతనంగా రాసుకొన్నాను కూడా. 2020లో ఆ కంపెనీ వాళ్ళు పేరులోంచి "ఫెయిర్" తీసి "గ్లో" పెట్టారు. మా వీధి దుకాణంలో ఇప్పటికీ పాత పేరుతోనే అడుగుతారు, అతడూ ఏమీ అనకుండా కొత్త డబ్బానే ఇస్తాడు. తెలుగు కథల్లో లావు కుర్రవాడు నవ్వించడానికి, పీల కుర్రవాడు దెబ్బలు తినడానికి వస్తారు. మీ కుర్రవాడికి కూడా ఒక పొడుగు చేతుల చొక్కా ఇవ్వండి. అప్పుడు సిరిమాను జనంలో అతడు ఆమెకు ధ్రువపత్రం ఇచ్చేవాడిగా కాక, తానూ జడుసుకొంటూ వచ్చినవాడిగా కనిపిస్తాడేమో.

చంపావతి తిరిగి రాసినది

అందరికీ కృతజ్ఞతలు. పది రోజులుగా ఈ సమాధానాలను పక్కన పెట్టుకొని పని చేశాను.

పంతులమ్మ గారూ, "అయినా" నలభై ఒక్క చోట్ల దొరికింది. అందులో పద్నాలుగు పైడి గురించి నేను, రచయిత్రిగా, అన్నవి. సిగ్గు వేసింది. ఆ పద్నాలుగూ తీసేశాను. పైడి మేనత్త నోట ఉన్నవి అలాగే ఉంచాను. ఆమె మంచి మనిషే, ఆమె ప్రేమ ఆ ప్రత్యయంతోనే వస్తుంది, అది ఉండాలి. అమ్మమ్మ పళ్ళెం సన్నివేశం రాశాను, ఇంకా కుదరలేదు. మూడు అర్థాలూ వస్తున్నాయి గానీ ముగ్గురూ నా మాటలే మాట్లాడుతున్నారు.

లిఫ్టరు గారూ, అంకెలు ఆరో ప్రకరణంలో ఉన్నాయి, మీరు ఊహించినట్లే రోజుల లెక్కతో సహా. ఆ రెండు పేజీలు పోయాయి. వాటి స్థానంలో, పైడి మధ్యాహ్నం డబ్బా తెరవకుండా ఇంటికి తెచ్చి కుక్కకు వేయడం, ఆ కుక్క ఒళ్ళు చేయడం చూసి అమ్మమ్మకు అనుమానం రావడం రాశాను.

తిట్ల విషయంలో నేను ఇద్దరికీ మధ్యలో నిలబడ్డాను. కథకురాలిని మార్చే ధైర్యం నాకు లేదు, పైడి గొంతునే ఉంచుతున్నాను. అయితే వంశధార గారు చెప్పిన పుస్తకం ఒక దారి చూపింది. బస్సులో పైడి పక్కన కూర్చునే సన్నటి పిల్లకు పంతులమ్మ గారి "చీపురుపల్లి" పేరు పెట్టించాను, పెట్టినది పైడి. బస్సంతా తన వైపు కాకుండా మరొకరి వైపు తిరిగి నవ్విన ఆ అర నిమిషం ఆమెకు ఎంత హాయిగా ఉందో ఆమె చేతనే చెప్పించాను. ఆ పేజీ తరువాత ఆమె మీద జాలి కొంత తగ్గుతుంది. తగ్గాలనే రాశాను. కుర్రవాడిని పూర్తిగా తీసేశాను, క్షమించండి. అతని చొక్కా కథ మరో నవల అవుతుంది, అది మీరే రాయాలి.

ఇక ముగింపు. నాలుగో ప్రకరణంలోని జాకెట్టు దగ్గరికే తిరిగి వెళ్ళాను. భోగి ముందు రాత్రి. తల్లి మళ్ళీ ఒక అంగుళం తక్కువ చెప్పి కుట్టించిన జాకెట్టు వచ్చింది, పట్టలేదు. తల్లి ఎప్పటిలాగే వచ్చే పండుగకు వేసుకోవచ్చులే అని బీరువాలో పెట్టబోతుంది. ఆ బీరువాలో అలాంటివి ఇప్పటికే అయిదు ఉన్నాయి, ఒక్కొక్క ఏటి పైడి కోసం కుట్టినవి, ఏ ఏడూ రాని పైడి కోసం కుట్టినవి. పైడి దానిని తీసుకొని, పెన్సిలు చెక్కుకొనే బ్లేడుతో దీపం దగ్గర కూర్చుని పక్క కుట్టు విప్పుతుంది. టైలరు లోపల వదిలిన గుడ్డ ఉంటుంది కదా, అది బయటికి వస్తుంది. ఎండ తగలని గుడ్డ కావడం వల్ల ఆ మేర రంగు కొత్తగా కనిపిస్తుందని రాశాను. తల్లి చూస్తూ ఏమీ అనదు, కాసేపటికి రెండో వైపు తాను పట్టుకొంటుంది. నవల అక్కడ ఆగుతుంది. చెల్లెలికి చదివి వినిపించాను. అది చాలాసేపు ఊరుకొని, మరి మిగతా అయిదు సంగతి ఏమిటని అడిగింది.

సమాధానం: మాజీ లిఫ్టరు, నెల్లిమర్ల మండలం

ముగింపు బాగుంది. రెండు సవరణలు మాత్రం చేయండి. కొత్తగా కుట్టి ఆ రాత్రే వచ్చిన జాకెట్టుకు లోపలి గుడ్డ రంగు తేడా రాదు. ఏళ్ళ తరబడి తొడిగి, ఉతికి, ఎండలో ఆరేసిన జాకెట్టు విప్పితేనే వస్తుంది. బీరువాలోని పాతవి కూడా ఎప్పుడూ తొడగనివే, కాబట్టి ఆ రంగు మాట తీసేయాలి. రెండోది, పక్కకు ఒక్క కుట్టే ఉండదు. మా వైపు టైలర్లు రెండు మూడు వరుసలు వేస్తారు, ఒంటికి దగ్గరగా ఉన్నది ముందు విప్పాలి, బయటి వరుస ముట్టుకోకూడదు. బయటిది మొదట విప్పితే ఎంత విప్పినా జాకెట్టు వదులు కాదు, చంక దగ్గర గుడ్డ పీచు లేస్తుంది. బ్లేడు కూడా అడ్డంగా పెట్టకూడదు, గుడ్డ తెగుతుంది. పిన్నీసుతో ఒక్కొక్క పోగు లేపి, ఆ లేచిన పోగును మాత్రం కోయాలి. చేయి తిరిగినవారికి ఒక్కొక్క పక్కకు పావుగంట పడుతుంది.